విద్యార్థులకు గోడను పంచి ఇవ్వాలా, ఒకే డిజైన్‌ను అందరితో వేయించాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరం విద్యార్థులు ఇరవై నలుగురు ఉన్నారు. మున్సిపల్ పాఠశాల ప్రహరీ గోడ 60 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు ఉంది. కాలనీవాసులను కూడా పనిలో కలుపుకోవాలని షరతు పెట్టారు. గోడను ఇరవై నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి ఇవ్వాలా, లేక పోటీ పెట్టి గెలిచిన ఒక్కరి డిజైన్‌ను అందరితో వేయించాలా అన్నది మీ సందేహం.

రెండూ వద్దు. గోడ మీదికి ఏం రావాలన్నది అందరి నుంచి తీసుకోండి, తుది గీతను ఇద్దరి ముగ్గురి చేతిలోనే ఉంచండి, రంగును మళ్ళీ అందరి చేతా వేయించండి. మీకు రెండు నెలల గడువు ఉందనుకుంటే, రంగు డబ్బా మూత తీయవలసింది చివరి రెండు వారాల్లోనే. మిగతా కాలమంతా గోడను పరీక్షించడానికి, మనుషులతో మాట్లాడడానికి, కాగితం మీద వాదించుకోవడానికి కావాలి. సామూహిక కుడ్యచిత్రంలో సహకారం నిజంగా జరిగేది కాగితం దగ్గరే. గోడ దగ్గరికి వచ్చేసరికి ఎవరేం చేయాలో ముందే తేలిపోయి ఉండాలి.

గోడను ముక్కలుగా పంచితే ఒక్కొక్కరికి రెండున్నర అడుగుల వెడల్పు వస్తుంది. రోడ్డు మీద బండి నడుపుకుంటూ వెళ్ళేవారికి అది కళాశాల వార్షిక ప్రదర్శనలా కనబడుతుంది. బాగా గీసే విద్యార్థి పక్కనే ఇంకా చెయ్యి తిరగని విద్యార్థి బొమ్మ పడి, కొన్నేళ్లపాటు ఆ పోలిక అందరి ముందూ నిలిచిపోతుంది. అది ఆ పిల్లవాడికి మనం చేసే అన్యాయం. పోటీ పెడితే ఒక్కరు చిత్రకారులవుతారు, మిగిలిన ఇరవై ముగ్గురూ కూలీలవుతారు. మూడో రోజు నుంచి హాజరు పడిపోతుంది.

పెద్ద ఎత్తున జరిగిన పనుల్లోనూ ఈ మూడో దారే కనిపిస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో ఒక వరదకాలువ గోడ మీద చిత్రకారిణి జుడిత్ బాకా నాయకత్వంలో 1976లో మొదలై, కొన్ని వేసవుల పాటు 1983 వరకు సాగిన ‘గ్రేట్ వాల్’ 2,754 అడుగుల పొడవు ఉంటుంది. దానిమీద నాలుగు వందల మందికి పైగా యువతీయువకులు పనిచేశారు. కాలిఫోర్నియా చరిత్రలో ఏ ఘట్టాలు రావాలో చరిత్రకారులతోనూ స్థానికులతోనూ కూర్చుని చర్చించి తేల్చుకున్నాకే వారు గోడ దగ్గరికి దిగారు. దీనికి భిన్నమైన పద్ధతి కూడా ఒకటి ఉంది. మన దేశంలో శాంతినికేతన్ హిందీ భవనంలో చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ 1946–47లో మధ్యయుగ సంతుల చిత్రాన్ని వేసినప్పుడు కె.జి. సుబ్రమణ్యన్ వంటి విద్యార్థులు ఆయనకు తోడుగా పనిచేశారు. అక్కడ గీత పూర్తిగా గురువుదే. విద్యార్థులు ఆ గీత ఎలా పుడుతుందో దగ్గర నిలబడి నేర్చుకున్నారు. అది కూడా గొప్ప చదువే. కాని మీకు కాలనీని కలుపుకోవాలన్న షరతు ఉంది కాబట్టి ఆ పద్ధతి మీకు సరిపోదు.

ముందు గోడను చదవండి. బొమ్మ ఎంత బాగున్నా గోడ చెడ్డదైతే రెండు వానాకాలాలు దాటదు, అందుకే ఈ భాగాన్ని కొంచెం సాగదీసి చెబుతున్నాను. ప్రహరీ గోడకు నీరు మూడు వైపుల నుంచి వస్తుంది. పైన కోపింగ్, అంటే గోడ నెత్తిన కట్టే వాలు పట్టీ, లేకపోతే వాన నీరు నెత్తి మీది నుంచి లోపలికి దిగుతుంది. అడుగు నుంచి నేల తేమ పైకి ఎక్కుతుంది. గోడ వెనుక మట్టి ఎత్తుగా ఉంటే ఆ వైపు నుంచి కూడా నీరు ఊరుతూనే ఉంటుంది. అడుగున్నర, రెండడుగుల ఎత్తు వరకు తెల్లగా ఉప్పు పొంగి, పూత పొరలు పొరలుగా లేస్తోందంటే ఆ గోడకు కావలసింది మేస్త్రీ. రంగుల సంగతి తరవాత. ఒక పరీక్ష చేయండి. రెండడుగుల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజంతా వదిలేయండి. తీసినప్పుడు షీటు లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటే గోడ ఇంకా తడిగా ఉన్నట్టు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ అయితే కనీసం నాలుగు వారాలు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం కొన్ని రంగులను తినేస్తుంది.

తరవాత అరచేత్తో గోడను రుద్ది చూడండి. చేతికి తెల్లపొడి అంటుకుంటే అది పాత సున్నం. సున్నం మీద ఎమల్షన్ (నీళ్లలో కలిపే గోడ రంగు) వేస్తే అది గోడను పట్టుకోదు, సున్నాన్ని పట్టుకుంటుంది. సున్నం రాలినప్పుడు మీ బొమ్మ కూడా రాలుతుంది. వైరు బ్రష్షుతో గీకించి, నీళ్లతో కడిగించి, బాగా ఆరిన తరవాత గుంటలున్న చోట మాత్రమే బయటి గోడలకు వాడే సిమెంట్ పుట్టీ పెట్టించి, మొత్తం మీద ఒక కోటు ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయించండి. ఈ పని విద్యార్థుల చేత చేయించాలన్న ఉత్సాహం మంచిదే గాని, పాత ఎనామిల్ (నూనె రంగు) పొరలు ఉన్న చోట పొడిగా సాండ్‌పేపర్ రుద్దనివ్వకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017 నవంబరు నుంచే. అంతకు ముందటి పొరల్లో ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేము. తడిపి రుద్దాలి, మాస్కు ఉండాలి.

కోపింగ్ లేకపోతే, బొమ్మకు కేటాయించిన డబ్బులో కొంత తీసి గోడ నెత్తిన రోడ్డు వైపు కాకుండా లోపలి వైపుకు వాలుగా సిమెంటు పట్టీ కట్టించమని నేను ఎప్పుడూ పట్టుబడతాను. కమిటీవారు మొదట పెదవి విరుస్తారు, ఎందుకంటే ఆ ఖర్చు ఫొటోలో కనబడదు.

ఇక మనుషులు. కాలనీకి వెళ్ళి ‘మీకు గోడ మీద ఏ బొమ్మ కావాలి?’ అని అడగకండి. అలా అడిగితే వచ్చే జవాబులు నాకు కంఠస్థం: రెండు చేతుల్లో భూగోళం, చెట్లను కాపాడండి, స్వచ్ఛ భారత్ కళ్ళద్దాలు, పుస్తకం మీద కూర్చున్న పావురం. ఇవి వాళ్ళ కోరికలు కావు, వేరే గోడల మీద చూసి చూసి అలవాటైన బొమ్మలు. దానికి బదులు విద్యార్థులను ఇద్దరిద్దరుగా పంపి, బొమ్మ మాట ఎత్తకుండా, ఆ వీధి గురించి అడగమనండి. ఈ స్కూలు కట్టక ముందు ఇక్కడ ఏముండేది? తెల్లవారుజామున ఈ దారిలో మొదట నడిచేది ఎవరు? నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? పండక్కి అందరూ ఎక్కడ చేరతారు? ఫోను జేబులో పెట్టి, స్కెచ్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎదుటివారు మాట్లాడుతుండగా గీయమనండి. తమ మాటలు గీతలుగా మారడం కళ్ళారా చూసినవారు ఇంకా చెబుతారు. ఒక కాలనీలో మేము ఇలా తిరిగినప్పుడు, పెద్దవయసు ఆడవాళ్ళంతా విడివిడిగా ఒకే బావి గురించి చెప్పారు. ఆ బావిని పూడ్చి దాని మీద వాటర్ ట్యాంకు కట్టారు, కుర్రవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఆ గోడకు కేంద్రం ఆ బావే అయింది. ఏ పోటీలోనూ అది వచ్చేది కాదు.

ఇలా వచ్చిన స్కెచ్‌లన్నీ ఒక గది గోడకు అంటించి, విద్యార్థులంతా కలిసి గుంపులుగా చేర్చండి. పదే పదే వచ్చినవి ఏవి, ఒక్కరే చెప్పినా వదలలేనివి ఏవి అని చూడండి. నాలుగైదు ఘట్టాలు తేలతాయి. అరవై అడుగుల గోడకు అంతకు మించి అక్కరలేదు. తేలిన తరవాత మాత్రం తుది రేఖాచిత్రాన్ని ఇద్దరు, మహా అయితే ముగ్గురు విద్యార్థులకు అప్పగించండి. ఇరవై నలుగురూ పెన్సిల్ పట్టుకుంటే ఒకే బొమ్మలో మనుషుల తలలు నాలుగు కొలతల్లో ఉంటాయి. ఎవరిని ఎంచాలన్నది మీరే నిర్ణయించండి, ఓటు పెట్టకండి. బాగా గీసేవారికన్నా ఇతరుల గీతను అర్థం చేసుకోగలిగినవారిని ఎంచుకోమని నా సలహా.

పొడవైన గోడను ఎలా కూర్చాలన్న దానికి మన దగ్గరే మంచి నమూనా ఉంది. తెలంగాణలోని చేర్యాలలో బట్ట మీద వేసే నకాషీ కథా పటాల్లో కథ అడ్డపట్టీలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో పట్టీలో ఒక్కో ఘట్టం, మధ్యలో పూలతీగల అంచులు, అంతటా పరచుకున్న ఎర్రని నేపథ్యం. కథకుడు పటం విప్పుతూ ఒక్కో పట్టీ చూపిస్తూ కథ చెబుతాడు. సామూహిక పనికి ఈ కూర్పు ఎంతో అనువైనది. ఒక్కో ఘట్టాన్ని ఒక్కో జట్టు సొంతం చేసుకోవచ్చు, నేపథ్యపు రంగు, అంచులు కలిసి మొత్తాన్ని ఒకటిగా పట్టి ఉంచుతాయి. అయితే కూర్పును నేర్చుకోవడం వేరు, ఆ ముఖాలను, ఆ అలంకరణను యథాతథంగా దించేయడం వేరు. చేర్యాల శైలినే వేయాలనుకుంటే ఆ చిత్రకారులలో ఒకరిని పారితోషికం ఇచ్చి పిలిపించి, వారి దగ్గర విద్యార్థులను కూర్చోబెట్టండి.

గీతలో రెండు నియమాలు పాటించండి. ఆకారాలన్నీ చదునైన రంగు ముక్కలుగా ఉండాలి, ఒక రంగులోంచి మరొక రంగులోకి నెమ్మదిగా జారే ఛాయలు వద్దు. చుట్టూ ముదురు బయటి గీత ఉండాలి. తోలుబొమ్మల్లోనూ, కలంకారీలోనూ ఆ గీతే బొమ్మను నిలబెడుతుంది. ఇక్కడ దానికి అదనపు ఉపయోగం ఉంది: రెండు చేతులు కలిసే చోట వంకర టింకరలన్నీ దాని కింద దాగిపోతాయి. ఆ గీతను చివరి రెండు రోజుల్లో చెయ్యి స్థిరంగా ఉన్న నలుగురైదుగురు మాత్రమే వేయాలి.

గోడ అడుగున అడుగున్నర మేర బొమ్మ పెట్టకండి. అక్కడ వాన చిమ్మిన బురద, బండ్ల హ్యాండిళ్ల గీతలు, పాన్ మరకలు, నేల తేమ అన్నీ చేరతాయి. ముదురు కావి రంగు పట్టీ ఒకటి వేసి వదిలేస్తే, ఏటా ఆ ఒక్క పట్టీకి మళ్ళీ రంగు వేయడం తేలిక. దేవుడి బొమ్మలు పెడితే గోడ పాడుచేయరన్న సలహా మీకు తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు. అది పాఠశాల గోడ కాబట్టి మర్యాదగా వద్దనండి.

రంగుల ఎంపికలో రాజకీయం ఉంటుంది, మరవకండి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు వేసిన రంగులు అధికార పార్టీ జెండాను పోలి ఉన్నాయన్న వివాదం హైకోర్టు నుంచి 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, చివరికి వాటిని తీసేయవలసి వచ్చింది. మీరు అమాయకంగా పక్కపక్కన పెట్టిన రెండు పెద్ద రంగు పట్టీలు కూడా జెండాలా కనబడవచ్చు. గోడకు ఎక్కించే ముందు కాగితం మీద వేసుకున్న చిన్న రంగుల నమూనాను పది అడుగుల దూరం నుంచి కళ్ళు సగం మూసి చూసి, కాలనీలో వేర్వేరు అభిప్రాయాలున్న నలుగురికి చూపించండి.

ఆ నమూనాను ఒక అంగుళానికి ఒక అడుగు లెక్కన, అంటే 60 అంగుళాల పొడవు, 7 అంగుళాల ఎత్తున పూర్తి రంగుల్లో వేయించి, ప్రింటు తీయించి, అదే గోడకు ఒక వారం పాటు కట్టి ఉంచండి. అభ్యంతరాలు ఆ వారంలోనే రావాలని ముందే చెప్పండి. నేను చూసినంతలో గోడ మీద రంగు పడ్డాక వచ్చే గొడవల్లో చాలావరకు ఆ వారంలోనే, ప్రింటు ముందు నిలబడి టీ తాగుతూ తేలిపోతాయి.

అనుమతి కాగితం మీద ఉండాలి. పాఠశాల ప్రధానోపాధ్యాయుల మాట చాలదు, గోడ మున్సిపాలిటీది కాబట్టి కమిషనర్ కార్యాలయం నుంచి లేఖ తీసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ స్థలాలను వికారం చేయడాన్ని నిషేధిస్తూ 1997లో చట్టం వచ్చింది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులో ఉన్నప్పుడు గోడ మీద ఏ రాత కనబడినా అధికారులు తుడిపించే అవకాశం ఉంది. ఆ లేఖలోనే బొమ్మ ఎన్నేళ్లు ఉంచుతారు, మరమ్మతు ఎవరిది, తీసేయవలసి వస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు, విద్యార్థుల పేర్లు ఎక్కడ రాస్తారు అన్నవి కూడా రాయించండి. ఇది అతిజాగ్రత్త కాదు. న్యూఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ రూపొందించిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండానే తొలగించారు. కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ఇచ్చే నైతిక హక్కుల ఆధారంగా ఆయన పోరాడితే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన శిల్పాన్ని తిరిగి ఇమ్మని, ఐదు లక్షల పరిహారం చెల్లించమని తీర్పు చెప్పింది. మీ విద్యార్థులు కోర్టుకు వెళ్ళాలని దీని అర్థం కాదు. చేసిన పనికి తమకు హక్కు ఉంటుందని వారు చదువుకునే రోజుల్లోనే తెలుసుకోవాలి.

బొమ్మను గోడకు ఎక్కించడానికి చతురస్రాల గడులే మీకు ఉత్తమం. ఏడడుగుల ఎత్తుకు ప్రొజెక్టర్ అవసరం లేదు, పైగా దానికి రాత్రి వేళ, రోడ్డుకు అడ్డంగా చాలా దూరం కావాలి. మేస్త్రీలు వాడే దారానికి నీలం పొడి అద్ది లాగి కొడితే అడుగు అడుగుకు గీత పడుతుంది. ఎర్ర పొడి వద్దు, లేత రంగుల పొరల్లోంచి కూడా కనబడుతుంది. గీయడానికి శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వాడినట్టు చింతపుల్లలను కాల్చిన బొగ్గు బాగుంటుంది, తుడిస్తే పోతుంది. రంగు వేసే ముందు పొడిగుడ్డతో ఒకసారి దులపకపోతే మాత్రం పసుపు మురికిదేరుతుంది. గీత పూర్తయ్యాక ప్రతి ముక్కలోనూ రంగు సంఖ్యను సుద్దతో రాయండి. కాలనీవాసులు వచ్చే రోజున ఈ సంఖ్యలే మిమ్మల్ని కాపాడతాయి.

రంగుల లెక్క ఇలా వేసుకోండి. బయటి గోడల ఎమల్షన్ రెండు కోట్లకు లీటరుకు సుమారు 50–60 చదరపు అడుగులు వస్తుంది. మీ గోడ 420 చదరపు అడుగులు. ప్రైమర్ నాలుగైదు లీటర్లు, నేపథ్యానికి ఎనిమిది లీటర్లు, మిగతా రంగులన్నీ కలిపి మరో పది పన్నెండు లీటర్లు సరిపోతాయి. ముదురు రంగులను తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ (సీసాల్లో అమ్మే చిక్కని రంగు ద్రవం) గుమ్మరించి తయారు చేయకండి. స్టెయినర్ మోతాదు మించితే పొర బలహీనమై తడిగుడ్డకే రంగు వదులుతుంది. వాటిని దుకాణంలో మిషన్ మీద కలిపించుకోండి. కావి, గంధపు పసుపు, నలుపు వంటి ఐరన్ ఆక్సైడ్ రంగులు, థాలో అనే రసాయన వర్ణకంతో చేసిన నీలం, ఆకుపచ్చ ఎండకు బాగా తట్టుకుంటాయి. మెరిసే గులాబీ, నిమ్మపసుపు, వంగపండు రంగులు పడమటి ఎండకు ముందుగా వెలిసిపోతాయి. అవి కావాలంటే చిన్న ముక్కల్లో మాత్రమే వాడండి. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ దగ్గర కుడ్యచిత్రాలున్న మక్తా వీధులకు విద్యార్థులను ఒక మధ్యాహ్నం తీసుకెళ్ళి, అక్కడి గోడల మీద ఏ రంగు ఎండకు ఎలా మారిందో నీడ పట్టున ఉన్న భాగంతో పోల్చి రాసుకోమనండి. అది తరగతి గదిలో చెప్పే పాఠం కన్నా బాగా ఎక్కుతుంది. ఒక్కో రంగును గోడకంతటికీ ఒకేసారి కలిపి, మూత ఉన్న బకెట్లలో సంఖ్య వేసి పెట్టుకోండి. రెండోసారి కలిపిన రంగు మొదటిదానితో ఎప్పుడూ సరిగ్గా కలవదు.

కాలనీవాసుల కోసం రెండు ఉదయాలు కేటాయించండి, వారమంతా తలుపులు తెరవకండి. ఆ రెండు రోజుల్లో పెద్ద ముక్కలు, మొదటి కోటు, చేతికి అందే ఎత్తు మాత్రమే వారికి. ప్రతి నలుగురికీ ఒక విద్యార్థి తోడు ఉండాలి. పిల్లలకు రంగును బకెట్‌తో ఇవ్వకుండా కప్పుల్లో సగానికి పోసి ఇవ్వండి. గీతలు దాటితే అక్కడికక్కడే సరిదిద్దకండి, వాళ్ళు వెళ్ళాక రెండో కోటులో అది పోతుంది. ఫిలడెల్ఫియాలో పలచని బట్ట ముక్కల మీద జనం చేత లోపల కూర్చోబెట్టి వేయించి, తరవాత గోడకు అంటించే పద్ధతి ఉంది. ఎత్తైన భవనాలకు అది బాగుంటుంది. తేమ ఊరే ప్రహరీ గోడకు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను.

పని వేళలు ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు తరవాత. కాలిన గోడ మీద రంగు కుంచె జరగకముందే ఆరిపోయి గీతలు పడుతుంది. తెలంగాణలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. నెల్లూరు, తిరుపతి వైపైతే ఈశాన్య రుతుపవనాలు వెళ్ళేదాకా ఆగి జనవరిలో మొదలుపెట్టండి. ఏడడుగుల గోడకు పరంజా అక్కరలేదు, గట్టి బల్లలు చాలు. దగ్గర్లో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటే లైన్‌మన్‌ను పిలిపించకుండా పని మొదలుపెట్టకండి. అమ్మాయిలు వాడుకోవడానికి పాఠశాల మరుగుదొడ్డి తాళం రోజంతా ఎవరి దగ్గర ఉంటుందో మొదటి రోజే తేల్చుకోండి. పథకాల్లో ఎవరూ రాయని ఈ చిన్న విషయం వల్లే మధ్యాహ్నానికి సగం జట్టు ఇంటిదారి పట్టడం చాలాచోట్ల చూశాను.

మార్కుల సంగతి మీరు అడగలేదు గాని తప్పకుండా ఎదురవుతుంది. గోడ మీది బొమ్మకు మార్కులు వేయకండి, ఎందుకంటే అది ఎవరిదో విడదీయలేరు. స్కెచ్ పుస్తకం, కాలనీవారితో జరిగిన సంభాషణల నోట్సు, రోజువారీ పని డైరీ చూసి వేయండి.

పైన వార్నిష్ లాంటి పారదర్శక పూత వేయమని దుకాణదారు చెబుతాడు. తేమ ఉన్న ప్రహరీ గోడకు అది వద్దు, నీరు బయటికి పోలేక పూత తెల్లబారి ఊడుతుంది. దానికి బదులు ప్రతి రంగూ అర లీటరు చొప్పున గాజు సీసాల్లో పోసి, సంఖ్య, షేడ్ కోడ్ రాసి పాఠశాలలోనే భద్రపరచండి. మొదటి వానాకాలం వెళ్ళాక, అక్టోబరు చివరిలో గానీ దక్షిణ కోస్తా అయితే జనవరిలో గానీ, ఇద్దరు విద్యార్థులు వెళ్ళి లేచిన చోట్ల సరిచేసి రావడాన్ని ఇప్పుడే వచ్చే ఏటి టైంటేబుల్‌లో వేయించండి.

గోడ ఏ దిక్కుకు ఉందో, పైన కోపింగ్ ఉందో లేదో, వెనుక వైపు నేల రోడ్డు కన్నా ఎంత ఎత్తులో ఉందో మీరు రాయలేదు. ఆ మూడూ, అడుగు భాగం దగ్గరగా తీసిన రెండు ఫొటోలూ పెడితే రంగుల ఎంపిక గురించి, అడుగు పట్టీ ఎంత ఎత్తు ఉండాలన్న దాని గురించి మరింత కచ్చితంగా చెప్పగలను.